ముడిప్రసారం

“మా అంకమ్మ గెలిచింది!”

నడుస్తున్నాననే అనుకుంటూ లోహితమ్మ ఇడ్లీబండి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. అరవై దాటిన మనిషి, కొంగు ఒకవైపు, చెప్పు ఒకవైపు. “సెమీఫైనల్లో మహారాష్ట్రని మట్టి కరిపించారంట, పిల్లే చెప్పింది. రేపు నాగపూర్లోనే ఫైనలు, హర్యానాతో!”

ఆసువీధిలో పొద్దున పూట ఇడ్లీలు తినేవాళ్లంతా మర్యాదగా నవ్వారు.

“మంచిమాట వదినా,” అన్నాడు ఎదురింటి చేతన్. “మా తెరలో మా చెల్లెలి కూతురు గెలిచిందిలే. ఏం ఆడిందనుకున్నావు!”

ఆ చెల్లెలి కూతురు మోకాళ్ల నొప్పులతో మేడమెట్లు కూడా ఎక్కలేదు. ఆ సంగతి లోహితమ్మకు తెలుసు, చేతన్‌కూ తెలుసు.

“మా తెరలో రెండు జట్లూ గెలిచినయ్యక్కా,” అంది పక్కింటి జస్విత, చట్నీ మరికాస్త వేయించుకుంటూ. “ఆఖర్లో అందరూ కలిసి కోలాటం ఏశారు. భలే ముచ్చటగా ఉంది.”

ఎవరూ ఎవరినీ కాదనలేదు. ఆ రోజుల్లో ‘నిన్న నువ్వేం చూశావు’ అని అడగడం మోటు, ‘అది నిజమేనా’ అనడం అంతకన్నా మోటు. లోహితమ్మకు మాత్రం నోట్లో ఇడ్లీ రబ్బరులా సాగింది.

ఇష్టదర్శిని వచ్చి అప్పటికి నలభై ఏళ్లు కావస్తోంది. గోడకు అంటించే పలుచటి పొర అది. మణికట్టుకు కట్టుకునే నాడిపట్టీ దానికి చెవులూ కళ్లూ. చూసేవాడి గుండె బరువెక్కితే కథ అప్పటికప్పుడు మలుపు తిరుగుతుంది. చావాల్సిన నాయకుడు లేచి కూర్చుంటాడు, విడిపోవాల్సిన జంట కలుస్తుంది, ఓడాల్సిన జట్టు గెలుస్తుంది. వార్తలూ అంతే, ఆటలూ అంతే. ఎవరి ఇష్టదైవం వారిదన్నట్టు ఎవరి దర్శిని వారిది. ఒకే గదిలో నలుగురు కూర్చుంటే నలుగురికీ నాలుగు బొమ్మలు. దానివల్ల మేలు జరగలేదంటే కళ్లు పోతాయి. రక్తపోట్లు తగ్గాయి, పిల్లల మంకుపట్లు తగ్గాయి. మొగుడూ పెళ్లాల మధ్య రిమోటు తగవులు మచ్చుకైనా లేవు. ఆ మాటకొస్తే వాళ్ల మధ్య మాటలు కూడా పెద్దగా లేవు.

పేర్లు కూడా తలకిందులైన కాలమది. లోహిత, చేతన్, జస్విత అంటే ముసలివాళ్ల పేర్లు. పిల్లలకు అంకమ్మ, వీరరాఘవులు అని పెట్టుకోవడం కొత్త మోజు. లోహితమ్మ మనవరాలు అంకమ్మ, తల్లిదండ్రులు సముద్రం మీది గాలిమరల్లో కొలువు చేస్తుంటే, అవ్వ దగ్గరే పెరిగింది. చెడుగుడు ఆ పిల్లకు ఊపిరి. పోయినేడు రాష్ట్ర పోటీల్లో నిజంగానే కప్పు గెలిచి, దాన్ని గుండెలకు హత్తుకుని వీధిలోకి వచ్చింది. జస్విత ఆ కప్పును అటూ ఇటూ తిప్పి చూసి, “మా ఇంట్లోనూ ఉందమ్మా ఇట్టాంటిది, దువ్వెనలు పెట్టుకుంటాం” అంది. పాపం, ఆమె తప్పేముంది? తెరలో మనవాళ్లు గెలిచిన మర్నాడు గెలుపు గుర్తుగా గుమ్మంలో ఒక కప్పు పెట్టి వెళ్లడం ఇష్టదర్శినివాళ్ల ఆనవాయితీ. ప్రతి ఇంట్లో అటక నిండా కప్పులే.

ఆసువీధికి ఒకప్పుడు వేరే ఆనవాయితీ ఉండేది. వీధి బిడ్డ ఎవరైనా పేరు తెస్తే, వాళ్లకు వీధి చీర పెట్టేవారు. మగ్గం ఒక్కటే, నేసేవాళ్లు మాత్రం వీధంతా. ఇంటికొకరు వచ్చి గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని తలా జానెడు నేసి లేచేవాళ్లు. ఎవరి చేతి బిగువు వాళ్లది కాబట్టి ఆ చీర ఎగుడుదిగుడుగా ఉండేది, అదే దాని అందం. మగవాళ్లకైతే అదే పంచె అయ్యేది. అందరూ తమ తమ తెరల్లో గెలవడం మొదలయ్యాక ఇక ఎవరికని నేస్తారు? మగ్గం గుంటలు పూడ్చేసి మరమగ్గాలు పెట్టుకున్నారు. లోహితమ్మ మొండిది కాబట్టి ఆమె ఇంట్లో గుంట మిగిలింది, మణికట్టుకు పట్టీ ఎక్కలేదు.

ఆ మధ్యాహ్నం చెవిపూసలో అంకమ్మ గొంతు పలికింది. చెవిపూస అంటే ఆ కాలపు ఫోను.

“అవ్వా, రేపటి ఆటే ఆఖరు. ఇంటికొచ్చి నీతో పాటు చీరల దుకాణంలో కూచుంటా.”

“ఏం మాయరోగమే నీకు? కాలికేమన్నా అయిందా?”

“కాలికేం కాలేదు. గెలిచినా ఓడినా తేడా ఎవరికవ్వా? ఎవరి గోడ మీద వాళ్ల పిల్ల గెలుస్తానే ఉంది. ఇక్కడ మేం ఊపిరాడక చస్తుండాం, ఎవరు చూశారు?” తనే నవ్వింది. “రిఫరీలు చూస్తారనుకో. వాళ్ల పెట్టెలకి మలుపు తిరగని బొమ్మ వస్తది. ముడిప్రసారం అంటారు. పాత రూలంట, ఆకాశంలోంచి అందరికీ ఊరికే పడతా ఉంటది. పట్టుకునే డిష్షులు ఎవరికుండయ్ ఈ రోజుల్లో?”

 లోహితమ్మ అప్పటికే మేడ మీదికి మెట్లెక్కుతోంది.

ఆమె తండ్రి కేబుల్ కోటయ్య. ఒకప్పుడు చీరాలలో సగం ఊరికి ఆ మేడ మీది నుంచే టీవీ బొమ్మలు పారేవి. లోకల్ ఛానెల్లో పుట్టినరోజు శుభాకాంక్షలు, తప్పిపోయిన గేదె ఆనవాళ్లు, కింద పరుగెత్తే అక్షరాల్లో పెళ్లి పిలుపులు, అన్నీ ఆయనే. ఇంట్లో టీవీ భార్య సీరియళ్ల పాలైతే, ఆయన కంట్రోల్ రూములో ల్యాప్‌టాప్‌కి ట్యూనర్ డబ్బా తగిలించి, కేబుల్ వైరు అందులో గుచ్చి, అన్నం పళ్లెం ఒక మోకాలి మీద, ల్యాప్‌టాప్ ఒక మోకాలి మీద పెట్టుకుని క్రికెట్ చూసేవాడు. చిన్నారి లోహిత ఆ ముద్దల మధ్య నుంచి తలపెట్టి చూసేది. ఎవరైనా ఔటైతే, చూస్తున్నవాళ్లు ఊరంతా ఒక్కసారే ‘అయ్యో’ అనడం కిటికీలోంచి వినిపించేది. ఆ ‘అయ్యో’ కోసం ఆమె ప్రాణం ఎన్నేళ్లుగా కొట్టుకుందో ఆ మెట్ల మీదే ఆమెకు తెలిసింది.

డిష్షు ఉంది, నూలు చిలపలు ఆరేసుకోవడానికి. వైరూ ఉంది, మేడ నుంచి అరుగు దాకా బట్టల తాడుగా. ల్యాప్‌టాప్, ట్యూనర్ డబ్బాతో సహా, ట్రంకుపెట్టె అడుగున పాత పట్టుచీరల మధ్య నిద్రపోతోంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, కరెంటు వైరు తగిలిస్తే మాత్రం మూలుగుతూ లేచింది.

మర్నాడు వీధంతా తిరిగి పిలిచింది.

“అందరం ఒకే బొమ్మ చూడాలా?” జస్విత నోరు తెరిచింది. “ఎవరి ఇష్టం ప్రకారం నడుస్తదక్కా అది?”

“ఎవరి ఇష్టమూ కాదు. జరిగింది జరిగినట్టు వస్తది.”

“ఓడిపోతే?”

“ఓడిపోతది.”

జస్విత రెండడుగులు వెనక్కి వేసింది. అయినా సాయంత్రం అందరూ వచ్చారు. ఆట కోసం కాదు, లోహితమ్మ మిరపకాయ బజ్జీలు వేస్తానంది కాబట్టి వచ్చారు. అబద్ధమెందుకు?

అరుగు మీద ముక్కాలిపీట, దాని మీద ల్యాప్‌టాప్. తెర నిండా చీమలు తప్ప ఏమీ లేదు. చేతన్‌ను మేడ మీదికి తరిమారు.

“తిప్పు అబ్బాయ్! కుడికి!”

“వచ్చిందా?”

“రాలా! ఇంకాస్త... ఆ! ఆ! వచ్చింది, కదపమాక!”

“వదినా, నేను చెయ్యి తీస్తే పోతందే!”

“అయితే తియ్యమాక. నీకు బజ్జీలు పైకి పంపిస్తాలే.”

అలా చేతన్ ఆ సాయంత్రమంతా డిష్షును కౌగిలించుకుని నిలబడ్డాడు. కింద చిన్న తెర మీద, మెరుగులు లేకుండా, కాస్త మసగ్గా, అంకమ్మ కనిపించింది. జుట్టు చెమటకు నుదుటికి అతుక్కుంది, మోకాలికి కట్టు ఉంది. వాళ్ల తెరల్లో ఆటగత్తెలకు ఎప్పుడూ చెమట పట్టేది కాదు.

మొదటి కూతకే అంకమ్మను పట్టేశారు. బజ్జీ అందుకోబోయిన చేతులు గాలిలోనే ఆగాయి. “అదేంది? పట్టేశారే!” అన్నారెవరో, అన్యాయం జరిగినట్టు. మళ్లీ కూతకు వెళ్లి ఈసారి ఇద్దరిని తాకి వచ్చింది. వీధి ఒక్కసారిగా లేచింది. ఒకరి అరుపు విని ఒకరు ఉలిక్కిపడ్డారు. పక్కవాడు కూడా ఇప్పుడే, ఇందుకే అరిచాడని తెలియడం వాళ్లకు కొత్త. ముసలివాళ్లు పాత సంగతి గుర్తొచ్చి నవ్వారు, కుర్రవాళ్లు ఏమీ అర్థం కాక నవ్వారు. పైనుంచి చేతన్ “చెప్పండ్రా, ఏమైందో చెప్పండ్రా” అని మొత్తుకుంటుంటే పది గొంతులు ఒకేసారి చెప్పాయి.

ఆఖరి కూత వచ్చేసరికి మన జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. గీత దాటి వెళ్లింది అంకమ్మ. లోహితమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మనవరాలు గెలవాలని మొక్కుకుందామనుకుని, మొక్కితే ఎక్కడ మలుపు తిరుగుతుందోనని పిచ్చి భయం వేసి మానుకుంది.

అంకమ్మ ఒకరిని తాకింది, ఇద్దరిని తాకింది. వెనక్కి దూకబోతుంటే హర్యానా పిల్ల మడమ పట్టింది. ఇంకో ఇద్దరు మీద పడ్డారు. వాళ్లను ఈడ్చుకుంటూనే, కూత ఆపకుండానే, నేల మీద పాకుతూ గీత వైపు చెయ్యి చాచింది. కూత సన్నగిల్లింది. ఈల మోగింది.

అందరూ తెర మీదికి వంగారు.

“ఏమైంది?” మేడ మీది నుంచి చేతన్. “గెలిచిందా? వదినా, పిల్ల గెలిచిందా?”

జస్విత గబగబా లేచి ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లింది. తన మణికట్టు మీది నాడిపట్టీని ఆ తెరకు ఆనించి గట్టిగా అదిమింది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. తమ గుండెలెంత కొట్టుకుంటున్నాయో చూస్తే బొమ్మ మనసు మార్చుకుంటుందని వాళ్ల నమ్మకం. ఏ తెరైనా అలాగే మార్చుకునేది మరి. లోహితమ్మ వాళ్లను వారించలేదు. ఆమెకే పట్టీ ఉండి ఉంటే ఆమే ముందు వెళ్లేది.

బొమ్మ మారలేదు. పైగా అదే క్షణాన్ని దగ్గర నుంచి మరోసారి చూపించింది. అంకమ్మ వేళ్లకూ గీతకూ మధ్య ఖాళీ నేల. జానెడు.

“ఓడిపోయింది చేతన్,” అంది లోహితమ్మ.

జస్విత వెక్కివెక్కి ఏడ్చింది. అంతలోనే ముక్కు తుడుచుకుని, “ఎడమకి తిరగాల్సింది! కుడికెందుకు తిరిగింది?” అంది. “ఎడమ పక్క ఆ పొడుగుపిల్ల కాచుకునుందిగా, నీకు కళ్లు లేవా?” అన్నారు వెనక నుంచి. “ఉంటే ఏం? దూకితే సరి!” “నువ్వు దూకు చూద్దాం!” క్షణంలో వీధి కొట్లాటకు దిగింది. ఒకరి మాట ఒకరు కాదన్నారు, చేతులు ఊపుకున్నారు, నేల మీద గీతలు గీసి చూపించుకున్నారు. చేతన్ డిష్షు వదిలేసి దిగివచ్చి, చూడకపోయినా అందరికన్నా గట్టిగా వాదించాడు. వీధంతా ఒకే దాని గురించి తగవుపడి ఎన్నాళ్లయిందో! లోహితమ్మకు కడుపు నిండిపోయింది.

మర్నాడు తెల్లారేసరికి ప్రతి గుమ్మంలోనూ తళతళలాడే కప్పు ఉంది. ‘మీ అంకమ్మ ఘనవిజయం గుర్తుగా’ అని చెక్కి మరీ పంపారు. నాడిపట్టీలు ఆ సాయంత్రపు గుండెదడను మోసుకెళ్లి చెప్పి ఉంటాయి, ఇష్టదర్శిని తనకు తెలిసిన మందు వేసింది. ఆ కప్పుల్ని ఎవరూ లోపలికి తీసుకుపోలేదు.

వారం తర్వాత అంకమ్మ వచ్చింది. ఒట్టి చేతులతో, తల వంచుకుని, ఎవరూ పలకరించకముందే ఇంట్లో పడదామని గోడ వారగా నడుస్తోంది. వీధి మొదట్లోనే డప్పు మోగింది. తలెత్తి చూస్తే వీధంతా వాకిళ్లలో నిలబడి ఉంది.

“మీ తెరల్లో గెలిచుంటాను,” అంది బెదురుగా. “నిజానికి ఓడిపోయానండీ.”

“ఓడిపోయావు. మేం చూశాం,” అన్నాడు చేతన్. “నేను మాత్రం చూళ్లేదులే. మీ అవ్వ నన్ను డిష్షుకి కట్టేసింది.”

లోహితమ్మ మడత విప్పి మనవరాలి భుజాన వేసింది. ఎగుడుదిగుడు చీర. ఒకచోట బిగువు, ఒకచోట వదులు, పోగు మోసే నాడె విసరడం మరిచిపోయినవాళ్ల చోట పోగులు తప్పాయి. రంగులకు పొంతన లేదు. అంకమ్మకు అదేమిటో తెలుసు, కానీ అవ్వ కథల్లో తప్ప కళ్లతో ఎన్నడూ చూడలేదు.

“వీధి చీర గెలిచినోళ్లకి కదవ్వా పెట్టేది?”

 జస్విత ముందుకొచ్చి చీర అంచు సర్దింది.

“గీతకి జానెడు తక్కువైంది గదమ్మా నీకు,” అంది. “తలా జానెడు నేశాం.”

అంకమ్మ ఏడ్చింది. ఈల మోగినప్పుడు కూడా ఏడవని పిల్ల, నడివీధిలో చిన్నపిల్లలా ఏడ్చింది. తర్వాత చీర కొంగుతో మొహం తుడుచుకుని, “ఎడమకి తిరిగితే ఆ పొడుగుపిల్ల కొరికేసేది, అందుకని కుడికి తిరిగా,” అంది.

“నే చెప్పలా!” అని వీధిలో సగం మంది అరిచారు. “ఏం చెప్పావు నువ్వు?” అని మిగతా సగం.

మాటలతో తేలేలా లేదు. అంకమ్మ వీధి చీరను నడుముకు బిగించి కట్టింది. కాలి బొటనవేలితో వీధికి అడ్డంగా గీత గీసింది. బరికి హద్దులు కావాలంటే, ఎవరో నాలుగు గుమ్మాల్లోంచి నాలుగు కప్పులు తెచ్చి నాలుగు మూలలా పెట్టారు.

“ఎవరు పడతారో రండి!” అంది.

చేతన్ పంచె ఎగ్గట్టాడు. జస్విత కొంగు దోపింది. లోహితమ్మ అరుగు మీద కూర్చుని, ఎవరు గెలుస్తారో తెలియని ఆట చూడడానికి కళ్లజోడు తుడుచుకుంది. అంకమ్మ గీత మీద కాలుంచి కూత అందుకుంది.