దానమితి వద్దన్న పిడికెడు

తెల్లవారగానే గోడలోని దానమితి సన్నగా మోగింది. "శేషారత్నం గారూ, మీ ఈనాటి దానం పంపించాను. ఎక్కడో ఎడారి ఊళ్లో పిల్లలకు జ్వరం మందు అందింది. ఈ పూట ఇంతకన్నా మేలైన దానం లేదు."

"మంచిది," అంది ఆవిడ బియ్యం కొలుస్తూ.

విశాఖలో ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ దానమితి ఉంది. ఎవరి కష్టం ఎంతో, ఏ సంస్థ ఎంత నిజాయతీగా ఉందో క్షణంలో తూచి, ఇంటివాళ్ల తరఫున అదే ఇచ్చేస్తుంది. దొంగ సంస్థలు మూతపడ్డాయి, ఆకలి చావులు ఆగాయి. దాన్ని తప్పుపడితే కళ్లు పోతాయి. కాకపోతే, తలుపు తట్టి అడిగేవాళ్లు లేకుండా పోయారు.

పూర్వం ఆదివారం ఆదివారం అనాథల హాస్టల్ నుంచి అప్పలకొండ సంచితో వచ్చేవాడు. రోజూ వంటకు ముందు ఆవిడ తీసిపెట్టిన పిడికెడేసి బియ్యమంతా పోయించుకుని, గుమ్మంలో కూర్చుని మజ్జిగ తాగి, ఊళ్లో కబుర్లన్నీ చెప్పి వెళ్లేవాడు. ఇప్పుడు ఆ పిల్లలకు అన్నీ వేళకు అందుతున్నాయి. అతను రావడం మానేశాడు. శేషారత్నం మాత్రం పిడికెడు తీయడం మానలేదు. ఆ బియ్యంతో డబ్బా నిండిపోయి మూత పట్టడం లేదు.

"ఈ బియ్యం ఎవరికి పంపమంటావు?" అని అడిగింది.

"బియ్యం అవసరమున్నవారు ఎవరూ లేరండి. మీరే వండుకోవడం మేలు."

ఒక్కదానికి ఎంతని వండుకుంటుంది? ఆవిడకు ఏడుపొచ్చింది. తన చేత్తో తీసుకునేవాళ్లు లేకపోతే ఇంత ఒంటరిగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. అడిగేవాళ్లే కరువైతే తనే అడుగుతుంది, తప్పేముంది? కళ్లు తుడుచుకుని, ఖాళీ సంచి పట్టుకుని ఎదురు ఫ్లాటు తలుపు తట్టింది.

తలుపు తీసింది గ్రేసమ్మ, రిటైరైన నర్సు. లిఫ్టులో ఒకరి ముఖం ఒకరు చూసుకోవడమే తప్ప ఎన్నడూ మాట్లాడుకోలేదు.

"ఏటి కావాలమ్మా?"

"పిడికెడు బియ్యం," అంది శేషారత్నం. సిగ్గుతో చచ్చిపోయింది.

లోపల గోడలోంచి గ్రేసమ్మ దానమితి పలికింది. "ఈవిడకు అవసరం లేదండి. ఇవ్వొద్దని నా సలహా."

"నువ్వూరుకో," అంది గ్రేసమ్మ. లోపలికెళ్లి పెద్ద స్టీలు డబ్బా ఒకటి రెండు చేతులతో మోసుకొచ్చింది. అంచుదాకా బియ్యమే.

"మా చర్చికని రోజూ తీసి పెడతన్నాను. పట్టుకెళ్లడానికి ఎవులూ రావడం లేదు, మానబుద్ధి కాలేదు." బియ్యంలో చెయ్యి పెట్టి చూసి నొచ్చుకుంది. "అయ్యో, పురుగు పట్టీసింది. చెరిగిస్తాను. సేపవుతాది మరి, లోపలికొచ్చి కూర్చుంటారా?"

"ఇంకో చేట ఉందా?" అంది శేషారత్నం, గుమ్మం బయట చెప్పులు విడుస్తూ.