పామ్‌డేల్‌లో ఎవరూ అడగని ప్రశ్న

"సరుకు బయటికొచ్చేసింది టీగ్," అన్నాడు కల్నల్ ప్రూయిట్, కారు అద్దం సగం దించి.

లాస్ ఏంజెలెస్ పోయే రోడ్డు పక్కన, పెట్రోల్ బంకు వెనక రెండు కార్లు పక్కపక్కనే ఆగి ఉన్నాయి. డెల్మర్ టీగ్ తన స్టీరింగ్ వదలకుండానే విన్నాడు. కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో ఇలాంటి బ్రీఫింగులు విని విని మనిషి ఏనాడో మొద్దుబారిపోయాడు.

పామ్‌డేల్ హ్యాంగర్లో ఒక విమానం తయారవుతోంది. రాడార్ కంటికి ఆనదు. ఆ మహత్తంతా పైన పూసే నల్లటి పూతది. ఆ పూత పెచ్చు ఒకటి, బొటనవేలి గోరంతది, మాయమైంది. ఆదివారం లాస్ ఏంజెలెస్‌లో పరాయి దేశం వాళ్ళ చేతికి అందుతుంది. కోడ్ వర్డ్ 'పియర్‌పండు'.

"ఎవరు చెప్పారు?"

"ఆడ్రా."

ఆడ్రా కెస్లర్ డబుల్ ఏజెంట్. ఆమె తమ మనిషేనని అవతలివాళ్ళ నమ్మకం, మన మనిషేనని మన ఫైలు నమ్మకం. పామ్‌డేల్‌లో ఇళ్ళు అమ్ముతుంది. ఎర్ర స్కార్ఫు, తెల్ల కారు, ఎంతటివాడినైనా రెండు నిమిషాల్లో మెత్తబరిచే నవ్వు. కొత్తగా ఎవరు ఉద్యోగంలోకి దిగుతున్నారో, ఎవరు పని ఊడి ఇల్లు ఖాళీ చేస్తున్నారో ఊళ్ళో అందరికంటే ముందు తెలిసేది ఆమెకే. గూఢచారికి అంతకు మించిన కొలువు ఎక్కడుంటుంది?

దొంగ దొరికితే ఏం చేస్తారని డెల్మర్ అడిగాడు. మిగిలిన జన్మంతా జైల్లోనేనన్నాడు కల్నల్. డెల్మర్‌కి ఏమీ అనిపించలేదు. ఈ మధ్య ఏదీ అనిపించడం లేదు. భార్య ఇల్లు విడిచి వెళ్ళిన రోజు కూడా తాళంచెవి ఎక్కడ పెట్టావని మాత్రమే అడిగాడు.

ఆదివారం దాకా చేసేదేమీ లేదు. ఆ మధ్యాహ్నం తన అన్నయ్య ఆరిన్ రిటైర్మెంట్ విందు ఉంది. కారు పామ్‌డేల్‌లోని అన్న ఇంటి వైపు తిప్పాడు.

వాళ్ళ నాన్న రోజుల్లో పామ్‌డేల్ అంటే పశువుల మేత పెంచే పొలాలు, పియర్ తోటలు, దుమ్ముగాలి. మబ్బు పట్టని ఆకాశం చూసి మిలిటరీవాళ్ళు వచ్చారు. నాన్న పొలం ఉన్నచోట ఇప్పుడు రన్‌వే కొస ఉంది. విమానాల ఆర్డరు వస్తే ఎడారిలో మొలిచిన జాషువా చెట్లు కొట్టేసి వీధులకు వీధులు లేపుతారు. ఆర్డరు పోతే నిన్నటి ఇంజనీర్లు బంకుల్లో పెట్రోల్ కొడతారు, ఇళ్ళ ముందు పచ్చిక ఎండిపోతుంది. మళ్ళీ ఆర్డరు, మళ్ళీ వీధులు. ఊరు అలా పడుతూ లేస్తూనే ఇంతైంది.

ఆ ఊళ్ళో ఎవరి వయసైనా అడగొచ్చు, ఎవరి విడాకుల సంగతైనా అడగొచ్చు. చేసే పని మాత్రం అడగకూడదు. ఇది చట్టం కాదు, మర్యాద. కట్టుకున్న పెళ్ళాం కూడా అడగదు.

ఆరిన్ పెరట్లో జనం కిటకిటలాడుతున్నారు. కాల్చిన మాంసం, ఉడికిన చిక్కుడుగింజలు, చల్లటి బీరు. బల్ల మీద పెద్ద కేకు, దాని మీద ఒక్క అక్షరం లేదు. ఏ విమానం బొమ్మ వేసినా ఎవరో ఒకరి ఉద్యోగం పోతుంది కాబట్టి రిటైరయ్యే వాళ్ళందరికీ ఉత్త తెల్లకేకే. ఫోర్‌మన్ లేచి, ఆరిన్ ఏం చేశాడో నేను చెప్పలేను, కానీ బాగా చేశాడు, అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నెత్తిమీద ఏదో జెట్ ఉరిమితే మాటలు ఆపి, అది పోయాక ఆపినచోటే అందుకున్నారు.

ఆడ్రా కూడా వచ్చింది. వచ్చినవాళ్ళలో సగంమందికి ఇల్లు అమ్మింది ఆమే కాబట్టి డెల్మర్ అనుమానించలేదు. రూలు ప్రకారం ఇద్దరూ ఎరగనట్టే ఉన్నారు. ఆమె ఆరిన్ చేతులు రెండూ పట్టుకుని అందరికీ వినబడేలా ఆటపట్టించింది.

"స్ప్రే గన్ పట్టి పట్టి వేళ్ళు ఎలా వంకరపోయాయో చూడండి. ఇకనైనా వీటికి సెలవియ్యి ఆరిన్."

పెరడంతా చల్లబడిపోయింది. తలలు కంచాల్లోకి వంగాయి. ఆరిన్ ముఖం పాలిపోయింది.

"స్ప్రే గన్నా?" అంది ఆరిన్ భార్య విల్మా, నెమ్మదిగా. "ఈయన టైర్లు మారుస్తాడేమోననుకుంటూ ఇన్నేళ్ళు కాపురం చేశాను. నాకు తెలియని సంగతి నీకెలా తెలిసిందమ్మా?"

అక్కడున్న వాళ్ళందరికీ తోచింది ఒక్కటే. ముగ్గురు నలుగురు నములుతున్నది ఆపి మరీ వింటున్నారు. డెల్మర్‌కి తోచింది వేరు. పూత, దాన్ని కొట్టే స్ప్రే గన్, అన్నయ్య. ఆదివారం కాదు, లాస్ ఏంజెలెస్ కాదు. ఇక్కడే, ఇప్పుడే. మన కళ్ళు అటు తిప్పి ఆడ్రా మనల్ని నిండా ముంచింది.

నోరు జారానని తెలిసి ఆడ్రా నవ్వేసి, ఎవరో ఎదురుచూస్తున్నారంటూ వీధిలోకి నడిచింది. చేతిలో లిప్‌స్టిక్ ఉంది. డెల్మర్ జేబులోని పెన్ను నొక్కాడు. అది ట్రాన్స్‌మిటర్. గరగరమంది తప్ప మాట పోలేదు. ప్లాంటు చుట్టుపక్కల ఏ రేడియో పనిచేయకుండా చేసింది మన ప్రభుత్వమే. బల్లలు, కుర్చీలు, పిల్లలు, అన్నీ దాటుకుని వీధి గేటుకి వచ్చేసరికి బూడిదరంగు కారు ఇంజన్ ఆడుతోంది. దౌత్యవేత్తల నంబర్ ప్లేటు. అద్దం దిగింది. ఆడ్రా చెయ్యి చాచింది. పరిగెత్తినా అందదు.

కారు ముందు విల్మా నిలబడి ఉంది. వంటింటి గుమ్మంలోంచి అడ్డదారిన వచ్చేసింది. చేతిలో గరిటె.

"నా మొగుడి సంగతి తేల్చి కదులు," అంది.

కారులోని పెద్దమనిషి బెదిరిపోయి హారన్ కొట్టాడు. తుపాకీలకు ఎదురునిలవడానికి వాళ్ళకు ట్రైనింగ్ ఉంటుంది గానీ విల్మాలాంటి ఇల్లాలికి ఎక్కడా ఉండదు. ఆ తడబాటు చాలు. అద్దంలోంచి లోపలికి పోతున్న లిప్‌స్టిక్‌ని డెల్మర్ గుప్పిట పట్టాడు. దాని అడుగుభాగం తిప్పితే ఊడింది. లోపల గోరంత నల్లటి పెచ్చు. కారు వెనక్కి వెనక్కి పోయి మాయమైంది.

ఆడ్రా పెనుగులాడలేదు. "నేను దొంగిలించలేదు టీగ్. మీ అన్నయ్యే ఇచ్చాడు," అంది, స్కార్ఫు సర్దుకుంటూ.

డెల్మర్ ఆమెను షెరీఫ్ పోలీసులకు అప్పగించి, కల్నల్‌కి ఫోన్ చేశాడు. అన్న పేరు కూడా చెప్పాడు. చెబుతుంటే గొంతు వణకలేదు. వణికుంటే బాగుండేదనిపించింది.

పెరట్లో ఆరిన్ ఒక్కడే కూర్చున్నాడు.

"ఎందుకిచ్చావన్నయ్యా?"

"అడిగిందిరా. ఏం పని చేస్తావు ఆరిన్, అని అడిగింది. ఈ జన్మలో ఇంకెవరూ అడగలేదు. చెప్పడానికి నోరు రాలేదు, తెచ్చి చూపించాను. గుర్తుగా ఉంచుకుంటానంది." వంకరపోయిన వేళ్ళ వంక చూసుకున్నాడు. "మీ వదిన అడగలేదు. నువ్వూ అడగలేదు."

డెల్మర్‌కి ఛాతీలో ఎక్కడో కాస్త నొప్పెట్టింది. చాలా రోజుల తర్వాత. వీధి చివర కల్నల్ కారు మలుపు తిరుగుతోంది. ఇక అన్నని మళ్ళీ ఎప్పుడు చూస్తాడో తెలియదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"సరే, ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఏం పని చేశావన్నయ్యా?"

ఆరిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు తెరిచాడు. అటూ ఇటూ చూసి, మళ్ళీ మూశాడు.

"చెప్పకూడదురా," అన్నాడు. "నీకు వినే పర్మిషన్ ఉందో లేదో నాకు తెలీదు."