క్లీవ్‌కి రెండర్థాలు

“సింగర్ క్లీవ్ మినిస్టర్ నూన్.”

డీకోడ్ చేసిన కాగితాన్ని చీఫ్ బల్ల మీద ముందుకు తోశాడు.

“శత్రువుల రేడియోలో పొద్దున దొరికింది. క్లీవ్ అంటే అతుక్కుని ఉండడం. పన్నెండింటికి హోటల్ సభలో గాయని మంత్రి పక్కనే ఉండాలన్నమాట. మాటలు రికార్డు చెయ్యమని, లోపల రికార్డరుందని చెప్పి ఆమెకో హ్యాండ్‌బ్యాగ్ కూడా ఇచ్చారు. చెయ్యనీ. టేపు ముందు మన చేతికే వస్తుంది.”

మేజర్ తలూపాడు. గాయని ఆ శత్రు ముఠాలో ఉంటూ తమకు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. ఈ మిషన్ ముగిశాక పెళ్లి చేసుకోవాలని వాళ్లిద్దరూ అనుకున్న సంగతి మాత్రం చీఫ్‌కి తెలియదు.

ఎందుకో ‘క్లీవ్’ అన్న మాట మేజర్‌కి మింగుడు పడలేదు. కొంతసేపటికి, నిఘంటువులు కూర్చే పెదనాన్నకి ఫోన్ చేశాడు.

“క్లీవ్ అంటే ఏంటి పెదనాన్నా?”

“ఏ క్లీవ్ రా? రెండున్నాయి. పాత ఇంగ్లీషులో ‘క్లివియన్’ అంటే అతుక్కోవడం. ‘క్లేఓవన్’ అంటే చీల్చడం. దేని పుట్టుక దానిదే. పలికీ పలికీ రెండూ ఒకేలా తయారయ్యాయి.”

“మరి తేడా ఎలా తెలుస్తుంది?”

“అతుక్కోవడమైతే పక్కన ‘టు’ ఉంటుంది. లేదంటే నరకడమే.”

కాగితంలో ‘టు’ లేదు. బ్యాగులో ఉన్నది రికార్డర్ కాదు!

పదకొండూ యాభై. జీపు హోటల్ వైపు దూసుకుపోయింది. గాయని చెవిపోగులో దాచిన వైర్‌లెస్ కలవడానికే ఎనిమిది నిమిషాలు పట్టింది.

“బ్యాగులో బాంబుంది. నీకు చెప్పకుండా ఇచ్చారంటే నీ గుట్టు వాళ్లకి తెలిసిపోయింది. అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తు!”

“హాల్లో రెండొందల మంది ఉన్నారు.”

“నా మాట విను!”

“నువ్వెక్కడున్నావు?”

“రెండు నిమిషాల్లో అక్కడుంటా.”

“టైమెంత?”

అతను వాచీ చూశాడు. “పన్నెండుకి ఒక్క నిమిషం.”

ఆమె నవ్వింది. “ఎప్పుడూ లేటే నువ్వు.”

మెట్ల మీద హైహీల్స్ చప్పుడు. రొప్పు. ఇనుప తలుపు తెరుచుకున్న మోత.

“మేడ మీదికొచ్చేశాను. ఇక్కడెవరూ లేరు.”

“బ్యాగు పడేసి దిగు!”

“దిగుతున్నా. నువ్వు మాత్రం జీపు నెమ్మదిగా—”

మలుపు తిరిగేసరికి హోటల్ పైనుంచి పొగ లేస్తోంది.

మర్నాడు పొద్దున్నే పెదనాన్న ఫోన్ చేశాడు.

“పేపరు చూశావట్రా? హోటల్ మేడ మీద హీటరు పేలిందట. ప్రముఖులెవరికీ ఏమీ కాలేదట, అదృష్టం.”

“అవును పెదనాన్నా,” అన్నాడు మేజర్. “ప్రముఖులెవరికీ ఏమీ కాలేదు.”