బాలవ్వ ఇంటి పిడికెడు బియ్యం

అమూల్య డబ్బా ఇంకా జానెడు వెలితిగా ఉంది. నిరంజన్ డబ్బా అప్పుడే అంచుకు నాలుగు వేళ్ల దూరంలోకి వచ్చేసింది. అందుకే దసరా పోయినా తగ్గని ఆ శనివారం మధ్యాహ్నపు ఎండలో, చెప్పులు కాలుతున్నా లెక్కచేయకుండా, గుడ్డసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది.

లక్సెట్టిపేటలో వాళ్ల చర్చికి వచ్చే ఇళ్లలో ఒక అలవాటు ఉంది. అన్నానికి బియ్యం తీసిన ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు వేరే గిన్నెలో వేస్తారు. అది దేవుని పాలు, అంటే దేవుని వాటా. ప్రతి శనివారం సండే స్కూల్ పిల్లలు వచ్చి ఆ బియ్యం తీసుకుపోతారు. చర్చి వెనకగదిలో ఒక్కొక్కరికీ ఒక్కో రేకు డబ్బా ఉంది, దాని మీద పేరు ఉంది. కోత పండుగకు ఎవరి డబ్బా ముందు నిండితే వాళ్లు వరికంకుల కట్ట పట్టుకుని అందరికంటే ముందు నడుస్తారు.

అమూల్యకు ముందు నడవాలని ఉంది. ఉండడమేమిటి, ఐదో తరగతి పిల్లకు అదే పిచ్చి పట్టుకుంది. పండుగ ఇంకా నాలుగు వారాలుండగానే తెల్లగౌను కుట్టించుకుని కూర్చుంది.

గల్లీ చివర బాలవ్వ ఇల్లు. బాలవ్వకు మొగుడు లేడు, పిల్లలు లేరు. బీడీలు చుట్టి బతికేది. వేళ్లు వంకర్లు పోయాక ఆ పని కూడా పోయింది. పింఛను మందులకే అయిపోతుంది. నెలకోసారి వచ్చే రేషన్ బియ్యమే ఆమె తిండి.

"పెద్దమ్మా, దేవుని బియ్యం!"

"గీ వారం లేవు బిడ్డా. రేషన్ ఇంక రాలే."

"పోయిన వారం గూడ గిట్లనే అన్నవ్."

"ఏం జేయాలె బిడ్డా? ఉంటే ఇయ్యనా?"

అమూల్యకు ఒళ్లు మండింది. నిరంజన్ డబ్బా కళ్ల ముందు కనబడింది. దానితోపాటే జమున టీచర్ మాటలూ గుర్తొచ్చాయి.

పోయిన ఆదివారం సండే స్కూల్‌లో జమున టీచర్ దేవుని కోపం గురించి గంటసేపు చెప్పింది. మొదటి అరగంట, ఒక ఊరి మీద ఆకాశం నుంచి అగ్ని ఎలా కురిసిందో చెప్పింది. రెండో అరగంట, ఎందుకు కురిసిందో చెప్పింది. అమూల్య చెవికెక్కింది మొదటి అరగంటే. రెండో అరగంటలో పక్కనున్న నవీనతో రిబ్బన్ల ముచ్చట పెట్టుకుంది మరి.

"దేవుడు చూస్తుండు పెద్దమ్మా," అంది అమూల్య, టీచర్ లాగా వేలు పైకెత్తి. "ఇయ్యకపోతే కోపమొస్తది. దేవుని కోపమంటే ఆట గాదు. ఊరికి ఊరే కాలబెట్టిండు. పోయిన వానకాలం నీ గోడ ఎందుకు కూలిందనుకున్నవ్?"

గోడ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నోటికొచ్చింది, అనేసింది.

బాలవ్వ కూలిన గోడ వైపు తిరిగింది. అక్కడ ఇప్పటికీ నీలం ప్లాస్టిక్ పట్టా వేలాడుతోంది.

"గందుకేనా బిడ్డా?"

"మరి గందుకే."

బాలవ్వ లోపలికి పోయింది. కుండ అడుగున గిన్నె గీసుకున్న చప్పుడు వినబడింది. రెండు పిడికిళ్ల బియ్యం తెచ్చి సంచిలో పోసింది.

"దేవునికి చెప్పు బిడ్డా, బాలవ్వ ఇచ్చిందని. మర్చిపోకు."

"సరే సరే," అంటూ అమూల్య ఎగురుకుంటూ వెళ్లిపోయింది. ఒక్క మాటకు ఇంత పని అవుతుందా అని తనకే ముచ్చటేసింది.

ఆ తర్వాతి శనివారాలు పిలవాల్సిన అవసరమే లేకపోయింది. రేషన్ వచ్చినప్పటి నుంచి బాలవ్వ చేటలో బియ్యం పోసుకుని గడపలోనే ఎదురుచూసేది. పిడికెడు కాదు, చేటలో సగం! మిగతా ఇళ్లవాళ్లు కూడా అంత ఇవ్వడం లేదు. బాలవ్వ బుగ్గలు లోపలికి పోయాయి. నడుస్తుంటే గోడ పట్టుకుంటోంది. అమూల్య అది చూడకపోలేదు. చూసింది, చూసి ఊరుకుంది. చేటలో బియ్యం ఉన్నాయి కదా, ఇంక మనిషితో పనేముంది!

పండుగ వచ్చింది. అమూల్య డబ్బా అంచుదాకా నిండింది, నిరంజన్ డబ్బా రెండు వేళ్లు తక్కువైంది. తెల్లగౌను వేసుకుని, వరికంకులు పట్టుకుని, అమూల్య అందరికంటే ముందు నడిచింది. రెండో వరుసలో కూర్చున్న వాళ్లమ్మ వనిత మురిసిపోతూ పక్కవాళ్లకు చూపించుకుంది.

ప్రార్థన అయ్యాక జమున టీచర్ నాలుగు సంచులు ముందుకు తెప్పించింది.

"పిల్లలు తెచ్చిన బియ్యమే ఇవి. తిండికి తిప్పలైతున్న ఇండ్లకు పంచుతం. మొదటి సంచి మన బాలవ్వది."

ఎవరూ లేవలేదు.

ఆ బియ్యం ఎవరికి పోతాయో అమూల్య ఏనాడూ అడగలేదు. ఇప్పుడు వినేసరికి చేతిలో కంకులు బరువెక్కాయి.

"రెండు వారాల సంది బాలవ్వ చర్చిల కనబడ్తలేదు," అంది టీచర్. "అమూల్యా, నువ్వు తిరిగే గల్లీనే గదా. జర ఉరికి పిలుచుకురా పో."

బాలవ్వ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. అమూల్య తోసింది. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది, అందులో పిల్లి ముడుచుకుని పడుకుంది. బాలవ్వ చాప మీద ఉంది. లేవబోయింది, చాతకాలేదు.

"వచ్చినవా బిడ్డా? గా చేటల ఉన్నయ్, తీస్కో. గీ వారం తక్కువున్నయ్. కోపం చేసుకోవద్దని చెప్పు."

చేటలో అర పిడికెడు బియ్యం ఉన్నాయి. కుండలో చూస్తే గింజ లేదు.

"నువ్వేం తిన్నవ్ పెద్దమ్మా?"

"నాదేమున్నది, గంజి తాగిన."

"ఎప్పుడు?"

బాలవ్వ "మొన్న గావచ్చు," అంది. తర్వాత పైకప్పు వైపు చూసింది. "గోడ పోయింది, కప్పొక్కటే మిగిలింది బిడ్డా. అది గూడ కూలితే నేను యాడికి పోను?"

అమూల్య వెనక్కి తిరిగి చర్చిదాకా ఆగకుండా పరిగెత్తింది. అందరూ చూస్తుండగానే, ఏడుస్తూ, తాను అన్నదంతా చెప్పేసింది. అగ్ని మాట చెప్పింది, గోడ మాట కూడా చెప్పింది.

వనిత కొట్టడానికి చెయ్యి ఎత్తింది. అంతలోనే దించేసింది. "ముసలిదాని నోటికాడి బువ్వ గుంజుకొచ్చి, గా కంకులు పట్టుకొని ముందు నడిచినవా?" అంది. అంతకంటే రెండు దెబ్బలు కొట్టినా బాగుండుననిపించింది అమూల్యకు.

బాలవ్వను ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. రెండు రోజులు గ్లూకోజ్ ఎక్కించారు. పండుగ సాయంత్రమే దవాఖాన మెట్ల మీద, మాసిపోయిన తెల్లగౌనులోనే కూర్చుని అమూల్య అడిగింది.

"టీచర్, దేవునికి నా మీద కోపమొచ్చిందా? మా ఇల్లు గూడ కూలుతదా?"

జమున టీచర్ "ఇంక నీకు నీ ఇంటి ఫికరేనా?" అంది.

అమూల్య తల దించుకుంది.

"ఆ ఊరి మీద అగ్గి ఎందుకు కురిసిందో ఆ దినం చెప్పిన. విన్నవా?"

"లేదు టీచర్."

"వాళ్ల కడుపులు నిండినయ్. పక్కింటి ఆకలి వాళ్లకు పట్టలే. గందుకు దేవునికి కోపమొచ్చింది." టీచర్ పక్కన మెట్టు మీద కూర్చుంది. "తప్పు నాది గూడ ఉన్నది. ఆకలి తీర్చే బియ్యానికి పోటీ పెట్టింది నేనే."

భయపడకు, ఏం కాదు అని టీచర్ అనలేదు. లోపల మంచం మీద బాలవ్వ దగ్గు వినబడిన ప్రతిసారీ అమూల్య గుండె జల్లుమంది. ఆ జల్లుమనడం వాళ్ల ఇంటి గురించి కాదు.

బాలవ్వ ఇంటికి వచ్చాక అమూల్య వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నేను అబద్ధం చెప్పిన పెద్దమ్మా. గోడ వానకు నానింది, కూలింది. దేవుడు కూలగొట్టలే."

బాలవ్వ నవ్వింది. "నన్ను చూసి జాలిపడి అంటున్నవ్ బిడ్డా. నాకు తెల్వదా?"

మరుసటి వారం మళ్లీ చెప్పింది. బాలవ్వ మళ్లీ అలాగే నవ్వింది. ఎంత చెప్పినా అంతే. ఒక్క మధ్యాహ్నంలో లోపలికి పోయిన భయం ఎన్ని వారాలైనా బయటికి రావడం లేదు. శనివారం వచ్చిందంటే చేటలో పిడికెడు బియ్యం గడపలో సిద్ధంగా ఉంటున్నాయి.

ఈ శనివారం అమూల్య గుడ్డసంచి తేలేదు. ఇంటినుంచి గ్లాసెడు బియ్యం తెచ్చింది. బాలవ్వ చేతిలోని చేట అందుకుని, అందులోని దేవుని పిడికెడు కూడా తన బియ్యంలోనే కలిపింది. పొయ్యిలోంచి పిల్లిని వెళ్లగొట్టింది. బాలవ్వ గడపలో కూర్చుని ఎసరు ఎంతో చెబుతుంటే, పొగకు కళ్లు మండుతున్నా, అన్నం వండింది. పచ్చిపులుసు తల్లి పంపింది. పళ్లెంలో పెట్టి బాలవ్వ ముందుంచింది.

బాలవ్వ చెయ్యి పెట్టలేదు. పైకప్పు వైపు చూసింది.

"ఇండ్ల దేవుని పాలు గూడ ఉన్నయ్ గద బిడ్డా. తినచ్చా? దేవుడు తినమన్నడా?"

తినమన్నాడు అనే మాట అమూల్య నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే చాలు, బాలవ్వ తింటుంది. అప్పుడు కూడా ఒక్క మాటే కదా అన్నది! అమూల్య నోరు మూసుకుంది. నిజంగా భయమేసింది.

"దేవుని పేరు మీద నేనేం చెప్ప పెద్దమ్మా. ఇగ ఎన్నడూ చెప్ప," అంది. "నేను తినమంటున్న. జర తిను."

బాలవ్వ ఆమె ముఖంలోకి చూసింది. మొదటి ముద్ద కలిపి పళ్లెం అంచున పక్కకు పెట్టింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంది.

పళ్లెం ఖాళీ అయ్యేదాకా అమూల్య ఆమె పక్కనే కూర్చుంది. అంచున పెట్టిన ముద్ద మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని కూడా తినమని అమూల్య అనలేదు. గిన్నె కడిగి బోర్లించి, రేపు బడి అయినంక మళ్లీ వస్తానని చెప్పబోయి, రేపు ఆదివారమని గుర్తొచ్చి, "రేపు చర్చికి పోయేటప్పుడు వస్త పెద్దమ్మా, నా చెయ్యి పట్టుకొని నడుద్దువు," అని చెప్పింది.