అత్త జిమ్‌లో ఆర్మ్‌లాక్

"అత్తా! ఇటు చూడు! అత్తా!"

సిసింద్రీ మ్యాట్ మీద వెల్లకిలా పడుకుని, తనతో జత కట్టిన అమ్మాయి వసపిట్ట చేతిని కాళ్ల మధ్య ఇరికించి బిగించింది. ఆర్మ్‌లాక్ ఇంత చక్కగా కుదరడం ఇదే మొదటిసారి. అత్తేమో గోడ దగ్గర ఎవరికో గ్లోవ్స్ తొడుగుతోంది.

వసపిట్ట మ్యాట్ మీద టపటపా తట్టింది. తట్టిందంటే ఓడిపోయానని అర్థం. వెంటనే వదిలెయ్యాలి. జిమ్‌లో అందరికీ తెలిసిన రూలే. కానీ అత్త ఇంకా చూడలేదే! సిసింద్రీ వదల్లేదు.

"అమ్మా!" అని వసపిట్ట అరిచాకే అత్త తిరిగి చూసింది.

అత్తంటే మామూలు అత్తా? ఒలింపిక్స్‌లో కుస్తీ పట్టింది. తర్వాత గుద్దులూ తన్నులూ పట్లూ అన్నీ ఉండే ఎం.ఎం.ఎ. పోటీల్లో దిగి పేరు తెచ్చుకుంది. ఇప్పుడు పిల్లలకు కోచ్. ఆ అత్త మెప్పు కోసం సిసింద్రీ ఏమైనా చేస్తుంది.

అత్త వసపిట్ట మోచేతిని మెల్లగా వంచి చూసి, ఐస్ పెట్టింది. "ఏం కాలేదు బంగారం, కొన్నాళ్లు రెస్ట్ తీసుకో" అంది. సిసింద్రీని ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు జతలు కట్టమంటే సిసింద్రీ దగ్గరికి ఎవరూ రాలేదు. ఒకడు నీళ్లు తాగడానికి పోయాడు. ఒకమ్మాయి జడ సర్దుకుంటూ ఉండిపోయింది. అత్త మూలనున్న మనిషంత బొమ్మను ఈడ్చుకొచ్చి పడేసింది.

"దీంతో చెయ్యి."

"బొమ్మతోనా?"

"ఇది తట్టదు. ఎంతసేపు పట్టుకున్నా ఏమీ అనదు."

సిసింద్రీ ముఖం చిన్నబోయింది. కాసేపు బొమ్మతో కుస్తీ పట్టి, దాని పక్కనే కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్త వచ్చి చతికిలబడింది. "కుస్తీలో తట్టడం లేదే కోడలా. విజిల్ ఊదేదాకా పట్టు వదలకూడదు. ఎం.ఎం.ఎ.లో గుద్దడం తొందరగానే వచ్చింది నాకు. వదలడం నేర్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది."

"మరెలా నేర్చుకున్నావు?"

"నాతో ప్రాక్టీస్ చేసే అమ్మాయి రోజూ తన చెయ్యి నాకిచ్చేది. దాన్ని విరిచేస్తే, రేపు నాకెవరిస్తారు?"

అత్త కోడలి తల నిమిరి లేచి వెళ్లింది.

వసపిట్ట తిరిగొచ్చిన రోజు సిసింద్రీ ఎదురెళ్లింది. "సారీ. నువ్వు తట్టడం నాకు తెలిసింది. తెలిసే వదల్లేదు."

గలగలా వాగే వసపిట్ట తన మోచెయ్యి తడుముకుంది. సిసింద్రీ మ్యాట్ మీద పడుకుని చెయ్యి చాపింది. "ముందు నువ్వు పట్టు."

వసపిట్ట పట్టింది. మోచెయ్యి సాగుతుంటే సిసింద్రీకి నొప్పి పుట్టింది. గబుక్కున తట్టింది. వసపిట్ట వెంటనే వదిలేసింది.

తర్వాత సిసింద్రీ వంతు. లాక్ బ్రహ్మాండంగా కుదిరింది! అత్త అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. అంతలో వసపిట్ట వేళ్లు కాలికి మెత్తగా తగిలాయి. ఒక్క తట్టు.

సిసింద్రీ ఠక్కున వదిలేసింది.

అత్త తిరిగేసరికి ఇద్దరూ ఊరికే కూర్చుని ఉన్నారు. "ఏంటీ, కబుర్లా? పని కానివ్వండి!" అని గదిమింది.

సిసింద్రీ కిక్కురుమనలేదు. వసపిట్ట నవ్వి, తనే వెల్లకిలా పడుకుని మళ్లీ చెయ్యి చాపింది.