గడువు దాటిన వరుస

మా పరిచయం తిట్లతో మొదలైంది. తిట్టింది ఆవిడ, పడింది నేను.

అప్పటికి నేను కంపెనీ లాగ్ సెక్షన్‌లో మూడేళ్ళ పాతకాపుని. ప్రతి కంప్యూటరూ రోజంతా ఒక డైరీ రాసుకుంటూ ఉంటుంది. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎక్కడ కాలు జారింది, అన్నీ. దాన్నే లాగ్ అంటాం. వేల యంత్రాల డైరీలు ఒకచోటికి చేర్చి, అడిగినవాళ్ళకి వెతికి పెట్టడం నా ఉద్యోగం. ఒక సోమవారం పొద్దున్నే సెక్యూరిటీ టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రెండు కాగితాలు పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది. ఆవిడ రాసిన రిపోర్టు మీటింగ్‌లో నవ్వులపాలైందట.

"దొంగ లోపలికి రాకముందే అలారం మోగినట్టుంది ఇందులో. మీ సర్వర్‌లో గడియారం ఐదు నిమిషాలు వెనకుంది. చూసుకోరా?"

ఐదు నిమిషాలే కదండీ అన్నాను. అనకూడని మాట. పావుగంట క్లాసు పీకింది. ఆ రోజు నుంచి మా ఫ్లోరంతా ఆవిడకి ఆడిట్ మేడమ్ అని పేరు పెట్టేసింది. ఆవిడ నాకు పెట్టిన పేరు గడియారం.

నెల తిరక్కుండానే మేనేజర్ ఇద్దర్నీ పిలిచాడు. కొత్త బ్రాంచిలో లాగ్ ప్లాట్‌ఫారం మొత్తం మొదట్నుంచీ కట్టాలి, దానికి మొత్తం నమూనా గీయగల ఆర్కిటెక్ట్, అంటే ఆ సర్టిఫికేషన్ ఉన్న మనిషి కావాలి. మూడు నెలల్లో ఇద్దరూ పరీక్ష రాయండి, ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళు అక్కడికి, రెండోవాళ్ళు ఇక్కడే అన్నాడు. ప్రాక్టీసుకి స్టోర్ రూమ్‌లో మూలపడ్డ మూడు పాత సర్వర్లు ఇచ్చాడు. రోజూ పొద్దున్న ఏడింటికి, ఆఫీసు నిండకముందే రావాలి.

ఆ స్టోర్ రూమ్ ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంటుంది. విరిగిన కుర్చీలు, ప్రింటర్ అట్టపెట్టెలు, సరిగ్గా మూతపడని ఒక్క కిటికీ. అది వానాకాలం. జల్లు కొట్టినప్పుడల్లా ఆవిడ ముందు సర్వర్ల మీద ప్లాస్టిక్ కవరు కప్పేది, తర్వాత నోట్సు దాచేది, చిట్టచివర నన్ను అడిగేది, తడిశారా అని.

చదువంటే మాకు గొడవే. రోజుకి ఎంత డేటా వస్తుంది, ఎన్ని డిస్కులు కావాలి, ఒక యంత్రం పడిపోతే ఇంకొకటి ఎలా అందుకోవాలి, పాతది ఎన్నాళ్ళు ఉంచాలి. ఆవిడకి ఏదీ పారేయబుద్ధి కాదు. నాకు ఏదీ దాచబుద్ధి కాదు. బోర్డు మీద ఆవిడ డబ్బాలు గీసి బాణాలు పెడితే, నేను వెళ్ళి ఒక డబ్బా చెరిపి ఖర్చు తగ్గింది అనేవాణ్ణి. ఇలా చెరుపుకుంటూ పోతే కంపెనీ కూడా తగ్గుతుంది అనేది.

సాధన చేయడానికి లాగ్‌లు కావాలి కదా, ఆఫీసు అసలు లాగ్‌లేమో ప్రాక్టీసుకి వాడనివ్వరు. అందుకని మేమే ఒక ఫైల్లో వరుసలు టైపు చేసి సర్వర్‌లోకి పంపేవాళ్ళం. మొదటివారం అంతా "టెస్ట్ ఒకటి", "టెస్ట్ రెండు". ఓ రోజు వెతుకుతుంటే ఒక కొత్త వరుస తగిలింది: "ఏడు గంటల పన్నెండు. గడియారం ఆలస్యం. కారణం: దువ్వెన." పక్కకి తిరిగి చూస్తే ఏమీ ఎరగనట్టు పుస్తకం తిప్పుతోంది. నేనూ ఒకటి కొట్టాను: "ఏడు ఇరవై. మేడమ్ నవ్వింది. తీవ్రత: ఎక్కువ."

అలా అలవాటైంది. నోటితో మీరు, మీరు అనుకునేవాళ్ళం, లాగ్‌లో మాత్రం నువ్వు. ఎదురుగా అనలేని మాటలన్నీ అందులో పడేవి. వాళ్ళ నాన్నకి చూపు తగ్గిపోతోందన్న దిగులు ఆవిడ రాసింది. ఈ ఉద్యోగం తప్ప నాకింకేమీ చేతకాదన్న భయం నేను రాశాను. కొత్త బ్రాంచి సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఇంట్లో నోట్సు తిరగేస్తుంటే మా అక్క చూసి, డిస్కుల లెక్కలు చదువుతూ ముసిముసిగా నవ్వేవాణ్ణి లోకంలో నిన్నొక్కణ్ణే చూశానురా అంది.

పరీక్షకి పన్నెండు రోజులున్నాయనగా వాళ్ళ నాన్నకి కంటి ఆపరేషన్ కుదిరింది. సెలవు పెట్టి, పరీక్ష రోజు నేరుగా హాలుకే వచ్చేస్తానంది. వెళ్ళే రోజు పొద్దున్న చాలాసేపు ఏదో టైపు చేసి, బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో ఆగింది.

"ఒక వరుస రాశాను, చదవండి. పరీక్ష రోజు జవాబు చెప్పండి."

ఆ మొహం చూస్తే అది దువ్వెన సంగతి కాదని తెలిసిపోయింది. మంచి మాటైతే సరే, మనం స్నేహితుల్లాగే ఉందాం అని ఉంటే? పరీక్ష ముందు ఆ దెబ్బ తట్టుకోలేననిపించి, రేపు చదువుదాంలే అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. రోజూ స్క్రీన్ తెరవడం, మీట మీద వేలు పెట్టడం, తీసేయడం. ఆలస్యం అమృతం విషం అంటారు. నాకు అక్షరాలా అదే జరిగింది.

తొమ్మిదో రోజు ఒక మోడల్ పేపర్ చేశాను. డిస్కు నిండిపోయింది, ఏడు రోజులకన్నా పాత డేటా ఉండకూడదు, సెట్టింగ్ మార్చి చూపించండి అని ప్రశ్న. పారేసే ప్రశ్న కాబట్టి నాకు మహా ఇష్టం. మార్చాను, సర్వర్ ఆపి మళ్ళీ నడిపించాను, డిస్కు ఖాళీ అయింది. నన్ను నేను మెచ్చుకుంటూ టీ తెచ్చుకున్నాను. సగం కప్పు తాగాక బుర్ర వెలిగింది. పరిగెత్తుకెళ్ళి వెతికాను. స్క్రీన్ మీద ఒక్కటే మాట: ఫలితాలు సున్నా.

ఆవిడ రాసిన వరుసా లేదు, మేం రాసుకున్న కబుర్లూ లేవు. మూడు నెలలుగా బోర్డు నిండా బ్యాకప్ బొమ్మలు గీసిన మహానుభావులం, మా సొంతదానికి ఒక్క కాపీ తీసుకోలేదు. అట్టపెట్టె మీద కూర్చుని ఏడ్చాను. ఇన్నేళ్ళయ్యాక చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

ఫోన్ చేయొచ్చు. కానీ ఆస్పత్రిలో ఉన్న మనిషికి ఏమని చెప్పను? చదవకుండానే చెరిపేశానని, అదీ ఆర్కిటెక్ట్ కాబోయేవాణ్ణయి ఉండి, చెప్పడానికి నోరు రాలేదు. పరీక్ష రోజు హాలు బయట ఆవిడ నా కోసమే నిలబడి ఉంది. వాళ్ళ నాన్న ఎలా ఉన్నారని అడిగాను, బాగున్నారంది. జవాబు కోసం ఆవిడ చూస్తూనే ఉంది. నేను తడబడి, డిస్కుల లెక్కలు ఎక్కువ వస్తాయంటారా అని అడిగాను.

"వస్తే చేయండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇద్దరం పాసయ్యాం. ఆవిడకి ఎనభై తొమ్మిది, నాకు డెబ్బై ఒకటి. కొత్త బ్రాంచి ఆవిడదే అయింది. ఆ తర్వాత నాతో పని మాటలే, అవీ పొడిపొడిగా. చివరి శుక్రవారం నేను స్టోర్ రూమ్‌లో సర్వర్లు సర్దుతుంటే, తన దగ్గరున్న తాళం అప్పగించడానికి అక్కడికే వచ్చింది. సోమవారం అక్కడ చేరాలి. బయట జోరున వాన. తాళం బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగింది. ఇప్పుడు నోరు తెరవకపోతే ఈ జన్మకి ఇంకెప్పుడూ తెరవక్కర్లేదని నాకు అర్థమైంది.

"నేను చదవలేదు," అన్నాను.

ఆగింది.

"భయమేసి వాయిదా వేశాను. తర్వాత ఏడు రోజుల ప్రశ్న ప్రాక్టీస్ చేశాను. మొత్తం పోయింది."

"బ్యాకప్?"

"లేదు."

నాకు ఇష్టం లేక ఊరుకున్నాననుకుందట. వాళ్ళ నాన్న కట్టు విప్పిన రోజు కూడా సంతోషంగా ఉండలేకపోయిందట. మార్కులు రాగానే ఆలోచించకుండా వెళ్తానని చెప్పేసిందట. ఒక్కొక్క మాటా నెమ్మదిగా చెప్పింది. దానికన్నా తిట్టినా బాగుండేది.

"అయితే నేనేం అడిగానో నీకు తెలీదు," అంది. నోటితో నువ్వు అనడం అదే మొదలు.

"ప్రశ్న తెలీదు. జవాబు తెలుసు. నువ్వంటే నాకు ప్రాణం. నిన్ను పంపించేసి ఇక్కడ ఉండలేను."

ఆవిడ విరిగిన కుర్చీలోనే కూలబడి కళ్ళు తుడుచుకుంది. ఇంతకీ ఏం రాశావు అని అడిగితే, చెప్పను, అదే నీకు శిక్ష అంది. పద్ధెనిమిదేళ్ళయింది, ఆ శిక్ష ఇంకా నడుస్తోంది.

"పోస్టు మాత్రం వదులుకోను," అంది కాసేపటికి.

"వదలొద్దు. నేనే వస్తాను."

ఇంట్లో చెబితే, నోట్సులో నవ్వించిన పిల్లేనా అని మా అక్క మర్నాడే వాళ్ళింటికి ప్రయాణమైంది, నన్నూ వెంటబెట్టుకుని. వాళ్ళ నాన్న కొత్త చూపుతో నన్ను ఎగాదిగా చూసి, ఆపరేషన్ ముందే వచ్చుంటే ఇంకా అందంగా కనిపించేవాడివి బాబూ, అయినా ఫరవాలేదు, మా అమ్మాయికి నచ్చావుగా అన్నారు.

సోమవారం బదిలీ కాగితం పట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి ఒకటికి రెండుసార్లు చదివాడు.

"అక్కడ ఆర్కిటెక్ట్ ఒక్కరేనయ్యా. నువ్వు ఆవిడ కింద పనిచేయాలి. ఆలోచించుకున్నావా?"

"మూడు నెలలుగా చేస్తున్నది అదేనండీ," అన్నాను.

ఆయన కలం తీసి సంతకం పెట్టాడు.