గ్లోరీ అన్న మాట

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని లోకం నమ్ముతుంది. ఏ నోటిని మంచిదిగా లెక్కించాలో ఆ సామెత చెప్పదు, నమ్మేవారు అడగరు. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే ఏసుదానం కూడా ఏనాడూ అడగలేదు. తన ఇంట్లో మర్యాద తప్పిన మాట వినబడదని మాత్రం అతనికి గట్టి నమ్మకం.

శనివారం ఉదయం ఏసుదానం తలకు తువ్వాలు చుట్టుకుని పనికి బయలుదేరబోతున్నాడు. అతని భార్య లీలారాణి చోడి అంబలి గిన్నెల్లో పోసి, పక్కన పచ్చి ఉల్లిపాయ పెట్టింది. విజయనగరం దగ్గరి విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు గ్లోరీ, ముందురోజు సాయంత్రం బండికి వచ్చింది. గిన్నె ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది గాని, దాన్ని నోటి దాకా తీసుకుపోలేదు.

“ఏటే, తాగవేటి? హాస్టలు ఇడ్లీలు మరిగి మా అంబలి సేదయ్యిందేటి?” అంది లీలారాణి.

“అమ్మా, సోమవారం మీరిద్దరూ నాతో రావాల. మా హెడ్డు సారు రమ్మన్నారు.”

“పరీచ్చల్లో ఫస్టొచ్చావేటి?” అన్నాడు ఏసుదానం నవ్వుతూ.

గ్లోరీ నవ్వలేదు. విభాగాధిపతితో అమర్యాదగా మాట్లాడినందుకు తనకు నోటీసు ఇచ్చారని, తల్లిదండ్రులు వచ్చి సమాధానం చెప్పకపోతే సెమిస్టరు పరీక్షలకు హాలు టిక్కెట్టు ఇవ్వరని చెప్పింది. ఏసుదానం తువ్వాలు విప్పి అరుగు మీద కూలబడ్డాడు. ఆ రోజు ఇక అతను మడులకు వెళ్లలేదు.

“ఏటన్నావు?”

“ఏటీ అన్లేదు నాన్నా.”

“అనకండా ఎందుకు పిలస్తారే?”

గ్లోరీ జరిగినదంతా పూస గుచ్చినట్టు చెప్పింది. సెమిస్టరు మొదట్లో తరగతి అంతా చీటీలు వేసి ఆమెను ప్రతినిధిగా ఎన్నుకుంది. ల్యాబులో పొగను బయటకు లాగే ఫ్యాన్లు తిరగడం లేదని ఆమె అప్పటినుంచి విభాగానికి విన్నవిస్తూనే ఉంది. గురువారం ఆ పొగలో ఆమె స్నేహితురాలు ఝాన్సీ స్పృహ తప్పి పడిపోయింది. గ్లోరీ ఇద్దరు ముగ్గురితో కలిసి పరుగున వెళ్లి, అతిథులతో కూర్చుని ఉన్న హెడ్డును పిలిచింది. ఆయన కదల్లేదు. ఆమె వెనక్కి పరుగెత్తి, నలుగురి సాయంతో ఝాన్సీని వరండాలోకి మోసింది. మర్నాడు నోటీసు వచ్చింది.

“పిలిసినందుకే నోటీసు ఇచ్చేస్తారేటి? ఏటో ఒకటి అనుంటావు. నిన్ను లీడరుగా ఎవుడు నిలబడమన్నాడు? ఆ సీటీలేసినోల్లు ఇప్పుడేరీ?”

“వాల్లని అడిగాను నాన్నా. నేను తప్పు మాటన్నట్టు ఎవులికీ వినపడలేదట.”

“నీ జట్టోల్లు అలగే సెప్తారు.” ఏసుదానం లేచి, గూట్లోని బైబిలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. “దీని మీద సెయ్యేసి సెప్పు.”

“ఒట్టెట్టుకోవద్దని అందులోనే రాసున్నాది,” అని లీలారాణి అడ్డుపడింది.

“నువ్వు ఊరుకో. పిల్ల సదువు పోతన్నాది.”

గ్లోరీ చెయ్యి వేసింది. తాను సారును ఏ అవమానకరమైన మాటా అనలేదని చెప్పింది. ఆ క్షణంలో ఆమె చెప్పినది ఆమెకు తెలిసిన సత్యమే. కాని చెయ్యి తీసిన తరువాత భయం మరింత పెరిగింది. కంగారులో తన నోట ఏదో వచ్చి ఉంటుందా? తనకు వినబడని మాట సారుకు ఎలా వినబడింది? ఆ కాసేపటిని ఆమె మనసులో ఎన్నిసార్లు తిరగేసినా నేల మీద నీలంగా మారిన ఝాన్సీ పెదవులే కనిపించాయి. మాటలు గుర్తుకు రాలేదు.

ఆదివారం చర్చి అయ్యాక లీలారాణి పాస్టరు గారి దగ్గరకు వెళ్లి, “అయ్యగారూ, నువ్వు మా పిల్ల కోసం ప్రార్థన సెయ్యి,” అని కన్నీళ్లు పెట్టుకుంది. ఆయన గ్లోరీ తలపై చెయ్యి ఉంచి ప్రార్థిస్తున్నంతసేపూ ఆమె గురువారం తానన్న మాటల కోసమే వెతుక్కుంది.

సోమవారం రైల్లో ఏసుదానం చర్చికి తొడిగే తెల్ల చొక్కా వేసుకుని బిగుసుకుని కూర్చున్నాడు. “ఆయన ఏటన్నా తలూపు. లీడరు పని మానేస్తానని సెప్పు. మిగతాది నేను మాటాడతాను,” అన్నాడు. గ్లోరీ తలూపింది. తాను మానేస్తే ఫ్యాన్ల సంగతి ఇక ఎవరూ ఎత్తరని ఆమెకు తెలుసు. హాలు టిక్కెట్టు లేకపోతే ఇంట్లో ఏమవుతుందో కూడా తెలుసు.

విభాగాధిపతి మోహనకృష్ణ గుంటూరు వైపునుంచి ఆ ఏడాదే వచ్చినవాడు. “కూర్చోండి,” అన్నాడు. ఏసుదానం కూర్చోలేదు.

“మీ అమ్మాయి అతిథుల ముందు నాతో ఎలా మాట్లాడిందో మీకు చెప్పిందా?”

ఏసుదానం చేతులు జోడించాడు. “బాబూ, నువ్వు పెద్దోడివి. పిల్ల ఏటందో నాకు తెల్దు. ఏటన్నా తప్పే. నువ్వు కడుపులో ఎట్టుకో. నువ్వు దయ సూపకపోతే దాని బతుకు పోతాది.”

ప్రతి వాక్యానికీ మోహనకృష్ణ ముఖం గట్టిపడుతూ వచ్చింది. గ్లోరీ ఆ ముఖాన్ని చూసింది. తండ్రి పెదవులను చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్లుగా ఇస్త్రీ చెదరని బట్టలా జాగ్రత్తగా వాడుకుంటున్న ‘మీరు’, గురువారం ఆ గుమ్మంలో జారిపోయింది. “సార్, నువ్వు రా. నువ్వొచ్చి సూడు.” తానన్నది అదే. వెంట వచ్చినవాళ్లందరూ ఈ ప్రాంతం వాళ్లే. వాళ్ల చెవికి అందులో తప్పు తగల్లేదు. ఇప్పుడు తండ్రి క్షమాపణ వేడుకుంటూ అదే నేరాన్ని మళ్లీ మళ్లీ చేస్తున్నాడు. మరొక మాట మాట్లాడితే పరీక్షలే కాదు, చదువే పోవచ్చు.

“నీ కాల్లట్టుకుంటాను,” అంటూ ఏసుదానం వంగబోయాడు.

గ్లోరీ అతని భుజం పట్టుకుంది. “ఆగు నాన్నా. సార్, ఆ మాట నేనన్నాను. మిమ్మల్ని నువ్వన్నాను. ఇప్పుడే గుర్తొచ్చింది.”

ఏసుదానం కూతురి వైపు, తరువాత హెడ్డు వైపు అయోమయంగా చూశాడు. “నువ్వనడమా? నువ్వని కాపోతే నిన్ను ఏటనాల బాబూ?”

వెటకారమేమోనని మోహనకృష్ణ అతని కళ్లలోకి చూశాడు. అక్కడ భయం తప్ప మరొకటి లేదు.

“పాస్టరు గారినీ అలగే అంటాం. నిన్న కూడా అన్నాను. ఆయన కోప్పడలేదు,” అంది లీలారాణి కొంగు నోటికి అడ్డుపెట్టుకుని.

మోహనకృష్ణ బల్ల మీది కాగితాన్ని కాసేపు అటూ ఇటూ జరిపాడు. “మా అటెండరు కూర్మయ్య కూడా నన్ను నువ్వనే అంటాడు. చదువుకోలేదులే అని ఊరుకున్నాను. చదువుకున్న పిల్ల అంటే పొగరనుకున్నాను.” ఆయన గ్లోరీ వైపు తిరిగాడు. “నాకు ఆ రోజు ఆ ఒక్క మాటే వినబడింది. ఎందుకు పిలుస్తున్నావో వినలేదు. ఆ అమ్మాయి ఎలా ఉంది?”

“ఇంటికెళ్లిపోయింది సార్. దగ్గింకా తగ్గలేదు,” అంది గ్లోరీ. అప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది.

స్టేషనులో తిరుగు బండి కోసం ఎదురుచూస్తూ ఏసుదానం చాలాసేపు పట్టాల వైపు చూశాడు.

“నీ సేత బైబిలు ముట్టించాను. కన్నపిల్లని నమ్మలేకపోయాను,” అన్నాడు.

“నేనూ నన్ను నమ్ముకోలేదు నాన్నా,” అంటూ గ్లోరీ అతని పక్కకు జరిగి కూర్చుంది.

“లీడరు పని మానేత్తాదని సెప్పడం మర్సిపోయాం,” అని లీలారాణి గుర్తుచేసింది.

“మర్సిపోలేదు,” అన్నాడు ఏసుదానం.

ఆ వారంలోనే నోటీసు రద్దయింది. గ్లోరీ పరీక్షలు రాసింది. ఝాన్సీ తరగతులకు తిరిగి వచ్చింది. ల్యాబులోని రెండు ఫ్యాన్లలో ఒకటి బాగుచేశారు; రెండోది ఇంకా తిరగడం లేదు. దాని గురించి తరగతి ప్రతినిధి గ్లోరీ మళ్లీ విభాగాధిపతిని కలిసింది.